లూర్దమ్మ తిట్టడం మానేసింది

లూర్దమ్మ తిట్టడం మానేసిన సంగతి ముందుగా వీధి కుళాయి దగ్గర బయటపడింది.

చంద్రపూర్‌లో బాబుపేట దాటాక రైలు పట్టాలకూ బొగ్గుగనికీ నడుమ ఇరుక్కున్న తెలుగు బస్తీ అది. అంత బస్తీకీ కుళాయి ఒక్కటే. నీళ్లు తెల్లవారుతుండగా వచ్చి, జనం కళ్లు నులుముకునేలోపు పోతాయి. అలాంటి కుళాయి దగ్గర ఏళ్ల తరబడి వరుస చెదరలేదంటే అది మునిసిపాలిటీ ఘనత కాదు, లూర్దమ్మ నోటి ఘనత. ఎవరి బిందె అయినా జానెడు ముందుకు జరిగిందో, ఆమె అందుకునేది.

"ఏమే, నీ బిందెకు రెక్కలొచ్చినయా, ఎగురుకుంట ముందుకొచ్చింది? గంత తొందరగ నీళ్లు గొంచవోయి ఏం జేస్తవే? మొకం కడుగుతవా? పోయిన క్రిస్మస్‌కు కడిగినవు గదా!"

తిట్లు పడ్డ మనిషి నవ్వాపుకోలేక బిందె వెనక్కి జరుపుకునేది. వరుసంతా నవ్వేది. గనిలో షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్‌ను అక్కడ భోంగా అంటారు. భోంగా లూర్దమ్మ అంటే చాలు, ఆ బస్తీలోనే కాదు, అవతలి మరాఠీవాళ్ల వరుస ఇళ్లలో కూడా ఇల్లు చూపిస్తారు.

ఆ పొద్దున కొత్తగా వచ్చిన ఒక ఆమె ఏకంగా రెండు బిందెలు తెచ్చి కుళాయి కింద పెట్టేసింది. వరుసలో ఉన్నవాళ్లంతా లూర్దమ్మ వైపు తిరిగారు. సినిమా మొదలయ్యే ముందు జనం తెర వైపు చూసినట్టు చూశారు. లూర్దమ్మ తన బిందె పక్కకు జరిపి, "పట్టుకోనియ్యండి, పాపం" అంది.

పక్కనే ఉన్న సారక్క ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. సారక్కది పక్క ఇల్లు. ఇద్దరూ గనిలో ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవాళ్లు.

"జరమొచ్చిందానే నీకు?"

"లేదక్కా. మంచిగనే ఉన్న."

"మంచిగుంటే మరి తిట్టవేందే?"

లూర్దమ్మ ఆలోచించింది. నిజమే, ఎందుకు తిట్టలేదు? కోపం రాలేదు. రావాల్సిన చోట ఏమీ లేదు. కుండలోకి చెయ్యి పెడితే అడుగు తగిలినట్టు తగిలింది, అంతే.

* * *

ఈ తిట్లు లూర్దమ్మకు గనిలో వచ్చినవి. బయటికి వచ్చిన బొగ్గు పొడవాటి బెల్టు మీద పోతుంటే, అందులోంచి రాళ్లు ఏరి పారేసే పని ఆడవాళ్లది. ఆ బెల్టు అదురుకు, మోతకు పక్కనున్న మనిషి మాట వినపడదు. మామూలుగా మాట్లాడితే గొంతు వృథా. అందుకని అక్కడ మాట్లాడటమంటే అరవడమే, అరవడమంటే తిట్టడమే. రోజంతా దుమ్ము మింగుతూ వంగిన నడుము వంగినట్టే నిలబడే ఆడవాళ్లకు లూర్దమ్మ తిట్లే రేడియో.

అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది భూదక్క. కోఠారి అనే ఊరి నుంచి వచ్చిన భూదక్క, లూర్దమ్మ ఒకరినొకరు వదినె అని పిలుచుకునేవారు. ఒకసారి భూదక్క రాళ్ల తట్ట నెత్తి మీద పెట్టుకుని, నా తట్ట ఎవరు తీశారని అందరినీ అడుగుతూ తిరిగింది. అప్పుడు పుట్టిన తిట్టు ఇది.

"తట్ట నెత్తిన వెట్టుకొని తట్టేదని గనంత దేవులాడేదానా, తట్ట సంగతి తర్వాత, నీ నెత్తి ఉన్నదో లేదో ముందుగాల గది జూస్కో!"

భూదక్క నవ్వీ నవ్వీ తట్ట కింద పడేసుకుంది. ఆ తర్వాత ఆ తిట్టు ఆమెకు ఇంటిపేరైంది. పనికి దూరంగా రేకుల షెడ్డు కింద ఆడుకునే ఆమె కూతురు అనసూయ కూడా దాన్ని పాటలా పాడుతూ తిరిగేది. కొన్నేళ్లకు భూదక్క దగ్గీ దగ్గీ చనిపోయింది. అది దుమ్ము వల్ల వచ్చిన దగ్గు అని రాయడానికి ఏ డాక్టరు కలమూ కదల్లేదు. అనసూయను అన్న చిన్నయ్య కోఠారికి తీసుకుపోయాడు.

ఆ తర్వాత లూర్దమ్మ ఇంటి వంతు వచ్చింది. ఆమె భర్త సిలువయ్య గని లోపల బొగ్గు నింపే మనిషి. పైకప్పు పెళ్ల ఒకటి ఊడి నడుము మీద పడింది. ఆ నడుము నొప్పి అతనికి ముందు నుంచే ఉందని కంపెనీ వాదించింది. నాగ్‌పూర్ ఆస్పత్రి, మెడికల్ బోర్డు, లేబర్ ఆఫీసు, యూనియన్ ఆఫీసు, మళ్లీ నాగ్‌పూర్. లూర్దమ్మ షిఫ్టు దిగి బస్సెక్కేది, బస్సు దిగి షిఫ్టెక్కేది. మంచం మీది భర్తను కడిగేది, తిప్పి పడుకోబెట్టేది. కొడుకు ఏబెల్‌ను చదువు మాన్పించకుండా నెట్టుకొచ్చింది. ఏ ఆఫీసులోనూ నోరు తగ్గించలేదు. "సాహెబూ, మా ఆయన నడుము ముందుగాలనే ఇరిగిందంటివి. ఇరిగిన నడుమోన్ని ఇన్నేండ్లు గనిలకెందుకు దింపినవ్? బొగ్గు నింపనీకి మంచి నడుమోడు దొరకలేదా?" అని ఆమె అరిస్తే ఫ్యాన్లు కూడా నెమ్మదిగా తిరిగినట్టుండేది.

ఆ పోరు తెమలక ముందే ఇంకొకటి వచ్చింది. దేశం తలుపులు తెరుచుకుంది, పోటీ పెరిగింది, ఖర్చు తగ్గాలి అన్నారు. తగ్గించాల్సిన ఖర్చు బెల్టు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ల రూపంలో కనిపించింది వాళ్లకు. ఆడమనిషి రాజీనామా ఇస్తే ఆమె కొడుక్కు ఉద్యోగం. దానికి ఆడకూలీలకు విశ్రాంతి అని మంచి పేరు పెట్టారు. ఒక మనిషి చేతిలోని కూడు లాగి ఆమె కొడుకు చేతిలో పెట్టి, నువ్విక హాయిగా కూర్చో అనడం విశ్రాంతి ఎలా అవుతుందో పేరు పెట్టినవాళ్లు చెప్పలేదు. సారక్క వేలిముద్ర వేసింది. లూర్దమ్మ వేలిముద్ర వేసింది. ఆఖరి రోజు భోంగా మోగేదాకా రాళ్లు ఏరి, ఇంటికొచ్చి అన్నం వండింది.

ఇక అన్నీ చక్కబడ్డాయి. ఏబెల్‌కు ఉద్యోగం వచ్చింది. సిలువయ్య కర్ర పట్టుకుని నడవసాగాడు. కంపెనీ ఆఖరికి దిగొచ్చి నష్టపరిహారం ఇచ్చింది. ఏబెల్‌కు భూదక్క కూతురు అనసూయనే చేసుకున్నారు. గుడిలో ఫాదరు లూర్దమ్మతో, "దేవుడు నీ మొర విన్నాడమ్మా" అన్నాడు. ఆమె తల ఊపింది.

అప్పుడే ఆమె నోరు ఆగిపోయింది. కష్టం నడుస్తున్నన్నాళ్లూ లేనిది, కష్టం తీరాక.

* * *

ఇంట్లో ముందుగా గాభరా పడ్డది సిలువయ్య. ముప్పయ్యేళ్లుగా తిట్లు తిని బతికిన మనిషి. మంచాన పడ్డప్పుడు కూడా, "లేస్తవా లేదా, నన్ను ఇడిసిపెట్టి పోదామనుకుంటున్నవేమో, పోనియ్య, పైనకొచ్చి మల్ల తిడ్త" అని ఆమె తిడితేనే లేచి కూర్చున్నాడు. ఇప్పుడు ఆమె, "అన్నం తింటవా? మాత్ర వేసుకున్నవా?" అని నర్సమ్మలా అడుగుతుంటే అతనికి మతి పోయింది.

కావాలని తప్పులు చెయ్యడం మొదలుపెట్టాడు. బురద చెప్పులతో వంటింట్లోకి వెళ్లాడు. ఆమె గుడ్డ తెచ్చి తుడిచింది. తాగిన బీడీ ముక్క కొత్తగా రంగు వేసిన గోడకు రుద్దాడు. ఆమె దాన్నీ తుడిచింది. ఒకరోజు ఆదివారం పూజకు ఉతికిన చొక్కా వదిలి, చిరిగిన బనియనుతో గుడికి బయలుదేరాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగి వెనక్కి చూశాడు.

"ఏమే లూర్దూ, గిట్లనే పోతున్న."

"పో అయ్యా, ఉక్క పోస్తుంది గదా."

సిలువయ్య వెనక్కి వచ్చి చొక్కా వేసుకుని, మంచం అంచున కూర్చుని కర్ర వైపు చూస్తూ ఉండిపోయాడు.

సారక్క ఊరుకోలేదు. ఆమెను డిస్పెన్సరీకి లాక్కుపోయింది. డాక్టరు మరాఠీలో అడిగాడు: నిద్ర పడుతోందా, తింటున్నావా, ఇంటి పని చేసుకుంటున్నావా అని. అన్నిటికీ లూర్దమ్మ "హో" అంది, అవునని. అది నిజం కూడా. ఎర్ర టానిక్కు రాసిచ్చి, "అన్నీ చేస్తున్నావు గదా బాయి, ఇంకెక్కడి రోగం?" అన్నాడు.

ఆ ఒక్క డాక్టరునే అనడం దేనికి? మన దగ్గర మనిషి పనిచేస్తుంటే బాగున్నట్టే లెక్క. ఆడమనిషైతే మరీను. పొయ్యి వెలుగుతోంది, బట్టలు ఆరేసి ఉన్నాయి, ఇంకేం కావాలి? లోపల ఎవరూ లేరని ఎవరికి తెలుస్తుంది?

తిరిగి వస్తుంటే లూర్దమ్మే చెప్పింది.

"అక్కా, బెల్టు కాడ దినమంత రాళ్లేరితే సాయంత్రానికి చేతులు ఎట్లయ్యేటియి? యాదికున్నదా?"

"ఎందుకుండది? కాలే గిన్నె పట్టుకున్నా ఏం తెలవకపోయేది. తిమ్మిర్లే తిమ్మిర్లు."

"గట్లున్నది నాకు. చేతులు కాదు, లోపల. పని అయితది. పట్టుకున్నది ఏందో తెలుస్తలేదు."

సారక్క తన అరచేతులు తిప్పి చూసుకుంది. "చేతులకైతే రాత్రి గడిస్తే తక్కువయ్యేది" అంది. "నువ్వెన్నేండ్లు ఏరినవే రాళ్లు? నీకు ఒక్క రాత్రి సాల్తదా?"

* * *

అలా ఉండగా అనసూయకు బిడ్డ పుట్టింది. తల్లి లేని పిల్ల కాబట్టి కాన్పు అత్తవారింట్లోనే. కాన్పంతా లూర్దమ్మే చూసింది. ఒక్క లోటు రానివ్వలేదు. ఏబెల్ బిడ్డకు జెస్లిన్ అని పేరు పెట్టాడు. పాత లూర్దమ్మ అయితే ఆ పేరు పట్టుకుని నెల రోజులు ఏకేసేది. ఇప్పుడు, "మంచిగున్నది" అంది.

పసిబిడ్డకు నీళ్లు పోయడమంటే ఆ బస్తీలో మాటలు కావాలి. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, చెంబుతో నీళ్లు పోస్తూ నోరారా తిట్టాలి. బిడ్డను అందంగా ఉందని అనకూడదు, దిష్టి తగులుతుంది. దొంగ మొకందానా, కోతి పిల్లా, నీ ముక్కు బొగ్గుపెళ్ల తీరుగున్నదే అంటూ ముక్కు సాగదీస్తారు, నెత్తి ఒత్తుతారు. అక్కడ బిడ్డకు దక్కే మొదటి ముద్దు తిట్టే. తిట్టకుండా నీళ్లు పోసేది కూలికి వచ్చిన పరాయి మనిషి ఒక్కతే.

లూర్దమ్మ తిట్టకుండా నీళ్లు పోసింది.

బొగ్గు సిగ్డీ పొయ్యి మీద కాగిన నీళ్లను మోచేత్తో చూసుకుని, చెవుల్లోకి పోకుండా అరచెయ్యి అడ్డుపెట్టి, అంతా పద్ధతిగా చేసింది. బిడ్డ కేరుకేరుమంది. గడపలో కూర్చున్న అనసూయ చెవులు రిక్కించుకుని విన్నది. నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

లూర్దమ్మకు తెలుసు ఏం చెయ్యాలో. బిడ్డ మొహంలోకి చూసింది. భూదక్క గడ్డం, అచ్చు భూదక్క గడ్డం. చూడగానే గుండెలో ఏదో లేవాలి. లేవలేదు. కాళ్ల మీద బరువు ఉంది, నూనె జిడ్డు ఉంది, వెచ్చదనం ఉంది. మనవరాలు లేదు. ఆమెకు మొదటిసారి తన మీద తనకు సిగ్గేసినట్టయింది. ఆ సిగ్గు కూడా ఎక్కడో గోడ అవతల ఉన్నట్టుంది. మనవరాలిని చూస్తే ఏమీ అనిపించడం లేదని ఏ ఆడమనిషి ఎవరితో చెప్పుకుంటుంది? సారక్కతో కూడా చెప్పలేదు.

అనసూయ మాత్రం ఇంకోలా అర్థం చేసుకుంది. ఆమె ఈ ఇంటికి భోంగా అత్త తిట్ల కోసం వచ్చిన పిల్ల. అమ్మ పోయాక వదిన చేతి కింద మెత్తని మాటల మధ్య పెరిగింది. ఆ మెత్తని మాటల్లో ఎంత చలి ఉంటుందో ఆమెకు తెలుసు. పెళ్లయి వచ్చిన మొదటి నెలలోనే కూరలో పిడికెడు ఉప్పు ఎక్కువేసి చూసింది. లూర్దమ్మ ముద్ద మింగి, నీళ్లు తాగి, "బాగున్నది బిడ్డా" అంది. ఆ రోజు అనసూయ పెరట్లోకి వెళ్లి ఏడ్చింది. ఇప్పుడు బిడ్డకు కూడా అదే మర్యాద.

"మీ అమ్మకు నేనంటే ఇష్టం లేదు" అంది ఏబెల్‌తో. "ఆమె నౌకరి పోయింది, నువ్వు ఎక్కినవ్, నేను కూసొని తింటున్న. గది కడుపుల వెట్టుకున్నది. ఇప్పుడు మల్ల ఆడపిల్లను కంటి. నన్ను సుట్టపుదాని లెక్క చూస్తది, ఒక్క తిట్టన్న తిట్టలే. నన్నంటే నన్ను, పిల్లేం జేసిందని? ఆదివారం చిన్నయ్యన్నను రమ్మన్న. పోత."

"పోయి మల్ల ఎప్పుడొస్తవ్?"

అనసూయ బిడ్డ బట్టలు మడతపెట్టసాగింది.

ఏబెల్ మొహం వేలాడేసుకుని తల్లికి చెప్పాడు. లూర్దమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేతులు ఆగలేదు. అనసూయ ఒకసారి కోఠారి వెళ్తే మళ్లీ రావడం కష్టం. వచ్చినా, ఆ మాట నడుమ ఉంటుంది. ఏబెల్ షిఫ్టుకూ కోఠారి బస్సుకూ మధ్య నలిగిపోతాడు. భూదక్క బిడ్డ తల్లి లేని ఇంటికి రెండోసారి వెళ్తుంది, ఈసారి ఇంకో బిడ్డను చంకనేసుకుని. ఇదంతా ఆమెకు బుర్రలో పటం గీసినట్టు కనబడుతోంది. అయినా లోపల ఏదీ కదలడం లేదు.

"ఆపాలె" అనుకుంది. ఆపాలని అనిపించలేదు. ఆపాలని తెలుసు, అంతే. తెలిసినదాన్ని బట్టి చెయ్యడం ఆమెకు అలవాటైన పనే. ఇన్నాళ్లూ అలాగే బతుకుతోంది.

* * *

ఆదివారం పూజ నుంచి వచ్చాక లూర్దమ్మ పెరట్లో పీట వేసుకుంది. గడపలో అనసూయ మూట కట్టుకుని కూర్చుంది. చిన్నయ్య ఎక్కిన బస్సు వచ్చే వేళైంది. సిలువయ్య మంచం మీద నుంచి ఇటు చూడకుండా చూస్తున్నాడు.

"తే బిడ్డా, ఆఖరుసారి పోస్త" అంది లూర్దమ్మ.

అనసూయ బిడ్డను ఆమె కాళ్ల మీద పెట్టి, అక్కడే నిలబడింది. లూర్దమ్మ నూనె రాసింది. చెంబు ముంచింది. చెంబు గాల్లో ఆగింది.

"అనసూయా, నాకేం అనిపిస్తలేదు."

"తెలుసు అత్తమ్మా. గందుకే పోతున్న."

"నీకు తెలిసింది గది గాదు." లూర్దమ్మ గొంతు లెక్క చెబుతున్నట్టు సాఫీగా ఉంది. "నీ మీద అనిపిస్తలేదని గాదు. దేని మీద అనిపిస్తలేదు. మీ మామ మీద లేదు, ఏబెల్ మీద లేదు. బువ్వ తింటే రుసి లేదు. పూజల మోకరించిన, దేవుని మీద కూడ లేదు. ఈ పిల్లను సూస్తే... మీ అమ్మ గడ్డమే ఇది. నాకు తెలుసు. తెలుసు గానీ..." చెంబులో నీళ్లు బిడ్డ పొట్ట మీద మెల్లగా పోసింది. "నేను చెడ్డదాన్నయితినో, పిచ్చిదాన్నయితినో తెలుస్తలేదు. ఎవరికి చెప్పాలె గిది? చెప్పరాకనే గమ్మున ఉన్న. నీ మీద కోపముంటే తిట్టకపోదునా? కోపమన్నా లేదు నాకాడ."

మంచం మీద సిలువయ్య కర్ర జారి కింద పడింది. అతను తియ్యలేదు.

అనసూయ ఆమె మొహంలోకి చూసింది. ఆ మొహం తెలిసిన మొహమే. అమ్మ చివరి రోజుల్లో దగ్గు ఆగినప్పుడు ఇలాగే ఉండేది. అలిసిపోవడానికి కూడా శక్తి లేని మొహం. ఈ మనిషిని ఇన్నాళ్లూ తను పగ పట్టిన అత్త అనుకుంది. దుఃఖమూ కోపమూ ఒక్కసారిగా కలిసి లేచాయి. ఆ రెండూ కలిసి వస్తే ఏం చెయ్యాలో ఆమె చిన్నప్పుడు గని దగ్గరి రేకుల షెడ్డు కింద నేర్చుకుంది.

"ఏమే ముసల్దానా!" అంది. సిలువయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. "గింత సంగతి కడుపుల వెట్టుకొని నన్ను ఇన్ని నెలలు ఏడిపిస్తివా? నోరు యాడ తాకట్టు వెట్టినవ్? చెప్పవోతే నాకెట్ల తెలుస్తది? చాట చేతుల వెట్టుకొని చాటేదని ఇల్లంత దేవులాడేదానా..."

లూర్దమ్మ చెయ్యి ఆగింది. కనుబొమలు దగ్గరికి వచ్చాయి. ఎక్కడో సూదిమొన తగిలినట్టు చురుక్కుమంది.

"చాట గాదు" అంది. "తట్ట."

"ఏదో ఒకటి!"

"ఏదో ఒకటెట్లయితదే? తట్ట! చేతుల గాదు, నెత్తిన! చేతుల ఉంటే కండ్లకు కనవడదా? ఇల్లంత గాదు, గనంత! మీ అమ్మ మీద కట్టిన తిట్టు గది, ఎంత మంచి తిట్టు, గట్ల ఖరాబు జేస్తరా? తిట్టొస్తే తిట్టు, రాకుంటే నోరు మూసుకొని కూసో! తల్లి పాలతోని రాని తెలివి ఇప్పుడు యాడికెల్లొస్తది, మొద్దు మొకందానా!"

అన్నాక తన గొంతు తనకే వినిపించింది. పెద్దగా ఏం లేదు. భోంగా కాదు, తుప్పు పట్టిన సైకిలు బెల్లులా ఉంది. అయినా అది లోపలి నుంచి వచ్చింది.

గడప దగ్గర అనసూయ మూట పక్కనే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూ ఏడుస్తోంది. సిలువయ్య, "జర మల్లనొకసారి తిట్టవే, మంచిగ ఇనవడలే" అంటున్నాడు. గోడ అవతల నుంచి సారక్క, "ఎవలమ్మా తిడుతున్నది? మా లూర్దమ్మేనా?" అని అరిచింది. లూర్దమ్మ వాళ్ల వైపు చూడలేదు. కాళ్ల మీది బిడ్డను చూసింది. మళ్లీ ఏమైనా వస్తుందేమోనని కాచుకుని చూసింది. బిడ్డ ఆమె చేతి మీద ఉచ్చ పోసింది.

"జెస్లినంట, జెస్లిను" అంది లూర్దమ్మ నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "దగ్గు మందు సీస లెక్క... గదేం పేరే నీది."

అంతే వచ్చింది. ఆపైన మళ్లీ ఏమీ లేదు. ఆమె బిడ్డకు నీళ్లు పోసి, తుడిచి, సాంబ్రాణి పొగ వేసింది.

అనసూయ మూట విప్పింది. బిడ్డ బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్లీ దండెం మీద వేసింది.

చిన్నయ్య వచ్చేసరికి మధ్యాహ్నమైంది. బస్టాండు నుంచి గని దారిన నడిచొచ్చాడేమో, చెప్పులకు నల్లటి బురద. చెల్లెలి కళ్లు ఎర్రగా ఉండటం చూసి, చెప్పులు విడవకుండానే గబగబా లోపలికి వచ్చాడు. అప్పుడే అలికిన నేల మీద నల్లటి అడుగులు పడ్డాయి.

ఇల్లంతా లూర్దమ్మ వైపు చూసింది.

లూర్దమ్మ అడుగుల వైపు చూసింది. నోరు తెరిచింది. వెతికింది. ఏమీ దొరకలేదు. లేచి గుడ్డ కోసం చూసింది.

సిలువయ్య మొహం వాడిపోయింది. అనసూయ మామ వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు లేదు మామా. పొద్దుగాలొకటి అచ్చింది గదా, ఇయ్యాల్టికి సాలు. అత్తమ్మా, నువ్వు కూసో. గుడ్డ నేను తెస్త." ఆమె గుడ్డ తెచ్చి తుడవలేదు, అన్న చేతిలో పెట్టింది. "ఏం అన్నా, కోఠారిల నేలలుండయా? గాలిల నడుస్తరా మీరు? గీ బురద మొత్తం కోఠారికెల్లి మోసుకొచ్చినవా? నీ చెప్పులు పాడుగాను, తుడువు ముందుగాల!"

చిన్నయ్యకు ఏమీ అర్థం కాలేదు. ఏడుస్తూ కబురు పంపిన చెల్లెలు తనను తిట్టడమేమిటో, మంచం మీది పెద్దమనిషి చేతులు చరచడమేమిటో తెలియక, చెప్పులు చేత పట్టుకుని వంగి నేల తుడవసాగాడు.

లూర్దమ్మ పీట మీద కూర్చుని, బిడ్డ నెత్తి ఆరబెడుతూ కోడలి తిట్లు విన్నది. తిట్టులో పస తక్కువ. మొదలు బాగుంది, చివర జారిపోయింది. 'చెప్పులు పాడుగాను' అనేది ఎవరైనా అంటారు. నేర్పాలి. ఈ ఇంట్లో ఉంటుంది గదా, మెల్లగా నేర్పాలి అనుకుంది.